పొయ్యికి గ్యాస్ అందనప్పుడు

వంటింటి పొయ్యి ఉన్నట్టుండి మందగించినా, బొత్తిగా వెలగకపోయినా ఇంటివారికి తొందర కలగడం సహజం. బడివేళ, పనివేళ మించిపోతున్నదన్న ఆత్రంలో కొందరు గుండుసూదితో జెట్టును పొడుస్తారు. కొందరు సిలిండరును పక్కకు వంచుతారు. మరికొందరు దాని అడుగున వేడినీళ్ళు పోస్తారు. ఈ మూడు ఉపాయాలూ అపాయకరమైనవే. గ్యాస్ సిలిండరు నుంచి బర్నరు దాకా ఒకే దారిలో ప్రయాణిస్తుంది. ఆ దారిని వరుసగా పరిశీలిస్తే లోపం ఎక్కడున్నదో చాలావరకు ఇంటివారికే తెలిసిపోతుంది. దానిని ఇంట్లో సరిచేసుకోవచ్చునా, మెకానిక్కుకు విడిచిపెట్టాలా అన్నదీ అప్పుడు స్పష్టమవుతుంది.

మొదట వాసన చూడాలి

ఏ పరీక్షకైనా ముందు గదిలో గ్యాస్ వాసన ఉన్నదేమో గమనించాలి. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియడం కోసమే అందులో ఘాటైన వాసనగల ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కలుపుతారు. ఈ గ్యాస్ గాలికంటే బరువైనది కనుక నేలమీద, బల్లకింద, మూలలలో పేరుకుంటుంది. గాలిలో దాదాపు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

వాసన ఉంటే పొయ్యి సంగతి పక్కన పెట్టి రెగ్యులేటరును కట్టివేయాలి. దీపం, అగరువత్తి వంటివి ఆర్పివేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. విద్యుత్ స్విచ్చులను వేయనూ కూడదు, ఆర్పనూ కూడదు. ఇంటిలోనివారందరూ బయటికి వచ్చిన తరువాతనే 1906 నంబరుకు ఫోను చేయాలి. వంటగ్యాస్ అత్యవసరాల కోసం ఏర్పరచిన ఈ నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

వాసన లేకపోయినా, పొయ్యి మీటను తిప్పి ఎక్కువసేపు వెలిగించే ప్రయత్నం చేయరాదు. వెలగని ప్రతిసారీ కొంత గ్యాస్ గదిలోకి చేరుతుంది. ఒకటి రెండు ప్రయత్నాల తరువాత మీటను కట్టి, గాలి ఆడనిచ్చి, కొన్ని నిమిషాలు ఆగాలి.

ఒక బర్నరా, రెండూనా?

లోపమున్న చోటును పట్టుకోవడానికి సులభమైన పరీక్ష ఇది. రెండు బర్నర్లూ మందగిస్తే కారణం సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం ఈ మూడింటిలో ఒకచోట ఉంటుంది. ఒక్క బర్నరే మందగిస్తే కారణం ఆ బర్నరులోనో, దాని జెట్టులోనో, మీటలోనో ఉంటుంది. లైటరుతోగాని అగ్గిపుల్లతోగాని వెలిగి, మీటను తిప్పినప్పుడు మాత్రం వెలగకపోతే గ్యాసుకు ఏ లోపమూ లేదు; నిప్పురవ్వ పుట్టించే భాగమే చెడిందని గ్రహించాలి.

రెండూ మందగిస్తే

సిలిండరులో ద్రవం మిగిలి ఉన్నంతకాలం దానిలోని పీడనం ఇంచుమించు నిలకడగా ఉంటుంది. అందుచేత సగం వాడిన సిలిండరుతో మంట మందగిస్తే "గ్యాస్ అయిపోవచ్చింది" అనుకోవడం సరికాదు. ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తూకమే నమ్మదగినది. ఖాళీ సిలిండరు బరువు దానిమీదనే రాసి ఉంటుంది. నిండు సిలిండరులో దానికి అదనంగా 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. త్రాసు లేనివారు కొంతసేపు పొయ్యి వాడిన తరువాత సిలిండరును తడిబట్టతో తుడిచి చూడవచ్చు. లోపల ద్రవం ఉన్నంత ఎత్తువరకు తడి ఆలస్యంగా ఆరుతుంది.

వంటగ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. తేలికగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందుగా ఖర్చవుతుంది. అందువల్ల బెంగళూరు డిసెంబరు, జనవరి ఉదయాలలో, చివరికి వచ్చిన సిలిండరు కొంత మందగించవచ్చు. అంతమాత్రాన దానిని వేడిచేయకూడదు. వేడికి లోపలి పీడనం పెరుగుతుంది. పడుకోబెట్టనూ కూడదు. ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి ప్రవేశిస్తుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల ఆవిరిగా మారుతుంది కనుక మంట ఒక్కసారిగా ఎగసిపడే ప్రమాదం ఉంది.

కొత్త సిలిండరు పెట్టిన వెంటనే గ్యాస్ రాకపోతే రెగ్యులేటరు సరిగా కూర్చోలేదని ముందుగా అనుమానించాలి. సిలిండరు నోటిలోని చిన్న పిన్నును రెగ్యులేటరు కిందికి నొక్కినప్పుడే గ్యాస్ బయటికి వస్తుంది. దగ్గరలో ఏ మంటా లేకుండా చూసుకొని, రెగ్యులేటరును కట్టి, తీసి, మరల నిటారుగా అమర్చాలి. అమర్చేటప్పుడు బుస్సుమనే శబ్దం వస్తే సిలిండరు నోటిలోని రబ్బరు ఉంగరం అరిగినదో, లేనేలేదో అయి ఉంటుంది. వెంటనే రెగ్యులేటరు తీసి, దారానికి వేలాడే మూతను బిగించి, పంపిణీదారుకు తెలియజేయాలి. సిలిండరు తెచ్చినవారిచేత ఇంటివద్దనే తూకం, కారుదల పరీక్ష చేయించుకొనే హక్కు వినియోగదారుకు ఉంది. రెగ్యులేటరును ఇంట్లో విప్పి బాగుచేయకూడదు; దానిని మార్పించుకోవడమే మార్గం.

తరువాత గొట్టం. అది సిలిండరు కింద గాని, పొయ్యి కాలి కింద గాని నలిగిందేమో, ఎలుకలు కొరికాయేమో చూడాలి. ఉక్కుతీగ అల్లికగల నారింజరంగు సురక్షా గొట్టమైనా 5 సంవత్సరాలకు మార్చవలసిందే. కారుదలను సబ్బునీటితోనే పరీక్షించాలి. బుడగలు లేస్తే కారుతున్నదని అర్థం. అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణాలతో చెలగాటమే.

ఒక్కటే మందగిస్తే

పాలు పొంగి, సాంబారు ఒలికి బర్నరు రంధ్రాలు పూడుకొనిపోవడం తరచుగా జరిగేది. రెగ్యులేటరు కట్టి, బర్నరు చల్లారిన తరువాత తీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, బ్రష్షుతో రుద్దాలి. పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టాలి. రంధ్రాలలో నీటిచుక్క నిలిచినా మంట తెగిపోతుంది.

ఊరికి వెళ్ళి కొన్ని వారాలకు తిరిగి వచ్చినవారి పొయ్యిలో సాలెగూళ్ళు, పురుగులు గ్యాస్, గాలి కలిసే గొట్టాన్ని మూసివేయవచ్చు. అప్పుడు మంట పసుపురంగుకు తిరుగుతుంది. ఒక్కొక్కసారి 'టప్' మని లోపలికి, జెట్టు దగ్గరికి, వెనుదిరుగుతుంది. అలా జరిగితే వెంటనే మీట కట్టివేయాలి.

జెట్టు రంధ్రం మిల్లీమీటరుకంటే చిన్నది. సూదితో పొడిస్తే అది పెద్దదై, గ్యాస్ అవసరానికి మించి వస్తుంది. మంట పసుపుపచ్చగా మారుతుంది, గిన్నెలు మసిబారుతాయి, గ్యాస్ వృథా అవుతుంది. పూడిన జెట్టును మెకానిక్కు శుభ్రపరచాలి, లేదా కొత్తది వేయాలి. బిగుసుకున్న మీటలో వంటనూనె, కొబ్బరినూనె పోయడం కూడా తగదు. అది జిడ్డుగా గడ్డకట్టి లోపాన్ని పెంచుతుంది.

ఇల్లు మారినప్పుడు

అద్దె ఇళ్ళు మారేవారు ఈ విషయాన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. సిలిండరు గ్యాసుకు, పైపు ద్వారా వచ్చే సహజవాయువుకు జెట్ల కొలతలు వేరు. సిలిండరు పొయ్యిని పైపు గ్యాసుకు కలిపితే మంట నీరసంగా ఉంటుంది. ఇది పొయ్యి లోపం కాదు. పైపు గ్యాస్ పొయ్యిని సిలిండరుకు కలిపితే మంట ప్రమాదకరంగా లేచి మసి కక్కుతుంది. రెండు సందర్భాలలోనూ జెట్లను మార్పించకుండా పొయ్యి వాడకూడదు.

కొత్తగా వచ్చి చిరునామా రుజువు లేనివారు సందులలోని దుకాణాలలో నింపే చిన్న సిలిండర్లను ఆశ్రయించనవసరం లేదు. గుర్తింపుపత్రం చూపి 5 కిలోల సిలిండరును చమురు సంస్థల పంపిణీదారుల వద్ద కొనవచ్చు. దానికి చిరునామా రుజువు అడగరు.

ఫోనులో చెప్పవలసిన మాటలు

కన్నడం రానివారు ఈ మూడు వాక్యాలను వంటింటి గోడమీద రాసి ఉంచుకోవడం మేలు. "గ్యాస్ బరుత్తిల్ల" అంటే గ్యాస్ రావడం లేదని. "ఒలె హత్తుత్తిల్ల" అంటే పొయ్యి వెలగడం లేదని. "గ్యాస్ సోరికె ఆగుత్తిదె" అంటే గ్యాస్ కారుతున్నదని. మొదటి రెండింటికి మెకానిక్కు వచ్చేదాకా వేచి ఉండవచ్చు. మూడవది చెప్పవలసి వచ్చినప్పుడు ఇంటిబయట నిలబడి చెప్పాలి.