ద్రాక్షాసవ పరీక్ష

నేను మద్యము ముట్టనివాడను. అయినను ఎఱ్ఱని ద్రాక్షాసవమును పరీక్షించు విధము ఉపాధ్యాయుడనగు నాకొక పాఠమైనది.

ముందు తెల్లని గుడ్డ యెదుట గాజుపాత్రను వంచి రంగు చూతురు. ఆసవము ముదిరినకొలది అంచు ఇటుకవన్నెకు దిరుగును. పిదప పాత్రను ద్రిప్పి వాసన గ్రహింతురు. తుదకు పుక్కిట బట్టి పులుపును, తొక్కలవలన గలిగిన వగరును, మ్రింగిన వెనుక రుచి నిలుచు కాలమును గమనింతురు.

ఇన్నియు నెఱిగినవారిని సయితము పేరు మోసగించును. ఫ్రాన్సుదేశపు బోర్డో ప్రాంతమున మూటాన్ తోట 1853 నుండి రాత్స్‌చైల్డు కుటుంబమువారిది. దాని కీర్తి లోకవిదితము. 1976లో పారిసున తొమ్మండుగురు ఫ్రెంచి పరీక్షకులు పేళ్లు తెలియకుండ రుచిచూడగా, ఆ తోట 1970 నాటి ఆసవము రెండవదయ్యెను. కాలిఫోర్నియాలోని స్టాగ్స్ లీప్ వారి 1973 నాటిది మొదటిదయ్యెను.

పేరుగల బాలుని పత్రమునకు ధారాళముగ మార్కులు వేసిన దోషము నాకును గలదు. పేరు గప్పి చూచినదే పరీక్ష.