పిచ్చుకలకు గింజల గొట్టము

రాయలసీమ మట్టిమిద్దెలు మనుష్యులకు మాత్రమే నివాసములు కావు. దూలముల సందులలోను, గోడ గూళ్ళలోను పిచ్చుకలు కూడ కాపురముండెడివి. కోతల కాలమున ధాన్యపు కంకులను కుచ్చుగా అల్లి వసారాలలో వ్రేలాడదీయుట తెలుగు రైతుల పాత ఆచారము. నేడు మిద్దెల స్థానమున కాంక్రీటు కప్పులు లేచుచున్నవి. వానిలో పిచ్చుకకు గూడు కట్టుకొను సందు లేదు.

2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, దేశము మొత్తముమీద పిచ్చుకలు నిలకడగానే యున్నవనియు, మహానగరములలో తగ్గినవనియు తెల్పినది. కావున వానికి మిగిలిన పెద్ద దిక్కు పల్లెయే. పిచ్చుక తన పిల్లలను ముఖ్యముగా పురుగులతో పెంచును. అందుచేత అది గింజలు తినిపోవు అతిథి మాత్రమే కాదు, చేనికి సాయము చేయు పక్షి.

తయారు చేయు విధము

డోన్ ప్రాంతమున బోరుబావులకు వాడిన పి.వి.సి. గొట్టపు ముక్కలు సులభముగా దొరకును. 3 అంగుళముల వ్యాసము, అడుగున్నర పొడవుగల ముక్కను తీసికొనవలెను. దీనిలో కిలోకు పైగా గింజలు పట్టును. క్రింది అంచున అర అంగుళము ఎత్తుగల నాలుగు గవాక్షములు కోసి, వాని నడుమ మిగిలిన కాళ్ళను 10 అంగుళముల పళ్ళెమునకు మరలతో బిగింపవలెను. పక్షులు తినిన కొలది గింజలు జారును; పళ్ళెములోని రాశి గవాక్షమును మూయగానే ప్రవాహము దానంతట అదియే ఆగును. పళ్ళెమునకు సన్నని రంధ్రములుండిన వాననీరు నిలువదు. గొట్టము పైభాగమున తీగె కట్టి, దానిని మూత నడిమి రంధ్రము గుండ పైకి తీసినచో, మూతను తీగె వెంట జరిపి గింజలు నింపవచ్చును.

మూతను, పళ్ళెమును నేడు త్రిమితీయ ముద్రణ యంత్రముతో కూడ చేయుచున్నారు. అయితే అందు విరివిగా వాడు పి.ఎల్.ఎ. అను ప్లాస్టిక్కు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడును. మన వేసవి యెండకు అది వంగిపోవచ్చును. పి.ఇ.టి.జి. అను రకము సుమారు 80 డిగ్రీల వరకు నిలుచును. యంత్రము లేనిచోట అంగడిలోని గొట్టపు మూత, పాత సత్తు పళ్ళెము చాలును.

జాగ్రత్తలు

కొర్రలు, సజ్జలు, జొన్నలు మంచివి. బూజుపట్టిన వేరుశనగలో విషముండును గనుక వేయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: మందు కలిపిన విత్తనములు విత్తగా మిగిలినవానిని ఎన్నడును పోయరాదు. దానము చేయదలచిన చేయియే ప్రాణము తీయును. వారమున కొకమారు గొట్టమును సబ్బునీటితో కడిగి బాగుగా ఆరబెట్టవలెను. పిల్లులకు అందని ఎత్తున, వేపచెట్టు నీడలో కట్టవలెను. క్రింద రాలిన గింజలను ఊడ్చిన ఎలుకలు చేరవు.

పంచాయతీ చేయదగిన పని

ఎండాకాలమున గింజలకంటె నీరే ప్రాణాధారము. రెండంగుళముల లోతుగల మట్టి మూకుడులో ఒక రాయి ఉంచి, నీటిని దినదినము మార్చినచో దోమలు పెరుగవు. పాఠశాల, పంచాయతీ కార్యాలయము, పశువుల తొట్టి వద్ద ఒక్కొక్క గొట్టము కట్టించి, కడుగు బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగింపవలెను. క్రొత్త ఇండ్ల గోడలలో చిన్న గూడు విడువుమని యజమానులకు చెప్పవలెను. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. వేసవి ముదురుటకు ముందే వచ్చు ఆ దినమున ఈ పనిని ఆరంభింపుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.