ఆర్ఎక్స్ 100కి ఎయిర్ ఫిల్టర్ మార్చారా? కార్బురేటర్ ముట్టుకోకుండా హైవే ఎక్కకండి

ఈ ఎపిసోడ్ మన చోడవరం నుంచే. జిల్లా పేరు 2022లో అనకాపల్లి అయింది కానీ, అడ్రస్ అడిగితే సగం మంది ఇప్పటికీ విశాఖ జిల్లా అనే చెప్తారు. సరే, టాపిక్‌లోకి వచ్చేద్దాం.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఆర్ఎక్స్‌కి బాక్స్ పీకేసి కోన్ ఫిల్టర్ వేశాను. సౌండ్ అదిరిపోయింది. కానీ ఫుల్ రేజ్ ఇస్తే బండి వెనక్కి లాగుతోంది, ఇంజిన్ తెగ వేడెక్కుతోంది. ఏం చెయ్యాలి?" ముందు చెయ్యాల్సింది ఒక్కటే: ఆ బండిని స్పీడుగా తోలడం ఆపండి. కారణం తర్వాత చెప్తాను, ఆపడం మాత్రం ఇప్పుడే.

ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. అంటే ఈ రోజు మీ చేతిలో ఉన్న బండి మీకంటే పెద్దది అయ్యే చాన్సే ఎక్కువ. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోల దరిదాపుల్లో. ఆ లెక్కలోనే దాని మజా అంతా ఉంది. 2018లో ఆ పేరుతోనే సినిమా వచ్చాక, పెరట్లో కోళ్ళు ఎక్కి కూర్చునే బళ్ళు కూడా బయటికొచ్చాయి. మంచిదే. కానీ బయటికొచ్చిన బండికి మనవాళ్ళు ముందు చేసే పని సైలెన్సర్ మార్చడం, రెండోది ఎయిర్ ఫిల్టర్ మార్చడం. జెట్ మార్చాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే అది రీల్‌లో కనిపించదు.

ఇప్పుడు అసలు విషయం. ఫిల్టర్ మారిస్తే ఏమవుతుంది? "గాలి ఎక్కువ వస్తుంది, పెట్రోల్ అంతే ఉంటుంది" అని అందరూ చెప్తారు. అది సగం సమాధానం. గాలి ఎక్కువ వస్తే కార్బురేటర్ పెట్రోల్ కూడా ఎక్కువే లాగాలి కదా? దాని పనే అది. మరి ఎందుకు లాగదు?

కొబ్బరి బోండంలో స్ట్రా వేసుకుని తాగుతున్నారనుకోండి. నీళ్ళు పైకి ఎందుకొస్తున్నాయి? నోట్లో ఒత్తిడి తగ్గించారు, బోండంలో మామూలు గాలి ఒత్తిడి ఉంది, ఆ తేడా నీళ్ళని పైకి తోస్తోంది. కార్బురేటర్ కూడా అంతే. కింద ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మీద బయటి గాలి ఒత్తిడి ఉంటుంది. మధ్యలో సన్నగా ఉన్న గొంతులో గాలి స్పీడుగా పోతుంది కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తేడాకి పెట్రోల్ జెట్ గుండా పైకి వస్తుంది. ఇప్పుడు కంపెనీ ఎయిర్ బాక్స్ చూడండి. సన్నటి మూతి, లోపల ఫోమ్, వంకర దారి. గాలి కాస్త కష్టపడి రావాలి. అందువల్ల గొంతులో ఒత్తిడి ఇంకొంచెం తగ్గి, పెట్రోల్ ఇంకొంచెం ఎక్కువ లాగుతుంది. యమహా ఇంజినీర్లు జెట్ సైజు పెట్టింది ఈ అడ్డంకిని కూడా లెక్కేసుకునే. మీరు బాక్స్ తీసేసిన రోజు ఆ అదనపు లాగుడు పోయింది. గాలి పెరిగింది, పెట్రోల్ ఆ నిష్పత్తిలో పెరగలేదు. దీన్నే లీన్ అంటాం. పెట్రోల్ ఎక్కువైతే రిచ్.

ఇది నిజమో కాదో చూడాలంటే, బండి తడబడుతున్నప్పుడు ఫిల్టర్ మూతిని అరచేత్తో కొంచెం మూయండి. ఇంజిన్ కుదురుకుంటే లీన్‌గా ఉన్నట్టు. ఇంకా ముక్కి ఆగిపోతే రిచ్. రూపాయి ఖర్చు లేని టెస్ట్.

లీన్ అయితే ఏమైంది, మైలేజీ వస్తుంది కదా అనొచ్చు. ఫోర్ స్ట్రోక్ బండి అయితే కొంత సతాయించి ఊరుకుంటుంది. టూ స్ట్రోక్ ఊరుకోదు. దీంట్లో లోపలికొచ్చే పెట్రోల్ ఆవిరవుతూ పిస్టన్‌ని, క్రాంక్‌ని చల్లబరుస్తుంది కూడా. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే బండి అయితే, పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. వేడి పెరిగింది, చల్లదనం తగ్గింది, జిడ్డు తగ్గింది, మూడూ ఒకేసారి. అల్యూమినియం పిస్టన్ ఇనుప బోర్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఒక స్థాయి దాటాక పట్టేస్తుంది. 80లో పోతుండగా పట్టేస్తే వెనక చక్రం లాక్ అవుతుంది. రోడ్డు మీద ఇసుక ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆర్ఎక్స్ నడిపేవాడి ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీద ఉండాలి. పట్టేసినట్టు అనిపించిన క్షణమే క్లచ్ నొక్కాలి. ఆ తర్వాత లేత్ షాపు, బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు. ఒరిజినల్ పిస్టన్ దొరకడమే గగనం ఈ రోజుల్లో.

ఇక్కడ ఒక పాత మేస్త్రీ గారున్నారు, పేరు చెప్పొద్దన్నారు. ఫిల్టర్ సంగతి అడిగితే నవ్వి, "ఏటి బాబూ, ముక్కు పెద్దది చేసీసి, నోటికి ముద్ద పెంచకపోతే ఎలాగ?" అన్నారు. నేను బోండం, స్ట్రా అంటూ ఇంత సేపు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

సరే, జెట్ మార్చే ముందు మూడు చూసుకోండి. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్ పగిలిందా? ముప్ఫై ఏళ్ళ రబ్బరు, పగిలే ఉంటుంది. అక్కడ నుంచి దొంగ గాలి వస్తే మీరు ఏ జెట్ వేసినా లెక్క కుదరదు. రెండోది క్రాంక్ ఆయిల్ సీల్. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే గాలి లాగుతుంది, బండి లీన్ అవుతుంది. గేర్ ఆయిల్ వైపు పోతే ఆ ఆయిల్ తాగి తెల్ల పొగ కక్కుతుంది. మూడోది శుభ్రం. జెట్ రంధ్రాల్లో తీగ దూర్చి గోకకండి. ఇత్తడి మెత్తగా ఉంటుంది, ఒక్కసారి గోకితే ఆ నంబర్‌కి అర్థం లేకుండా పోతుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే, గాలి, అంతే.

కార్బురేటర్ లోపల నాలుగు భాగాలు వాటాలేసుకుని పని చేస్తాయి. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పటి నుంచి పావు వరకు పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. అక్కడక్కడే స్లైడ్ కింద ఉన్న కోత కూడా. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. కాబట్టి "బండి సరిగ్గా పోవట్లేదు" అంటే చాలదు, ఎక్సలేటర్ ఎంత తిప్పినప్పుడు అన్నది చెప్పాలి. హ్యాండిల్ గ్రిప్ మీద తెల్ల టేప్ చుట్టి పావు, సగం, ముప్పావు దగ్గర పెన్నుతో గీతలు పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో ఇక్కడ పనికొచ్చింది ఇదే: బగ్ ఎక్కడుందో తెలియకుండా కోడ్ మార్చకూడదు, ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. జెట్, నీడిల్, స్క్రూ మూడూ ఒకేసారి మార్చి, ఏది పని చేసిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఫోన్‌లో నోట్ పెట్టుకోండి. తేదీ, జెట్ నంబర్, క్లిప్ స్థానం, స్క్రూ ఎన్ని చుట్లు.

మొదట మెయిన్ జెట్. ఇప్పుడున్న దాని నంబర్ చూడండి. దానికంటే రెండు మూడు సైజులు పెద్దవి తెచ్చుకోండి. అన్నిటికన్నా పెద్దది వేసి మొదలెట్టి కిందికి రండి. చిన్నదాని నుంచి పైకి వెళ్ళకండి. రిచ్‌లో తప్పు జరిగితే ప్లగ్గు నల్లబడుతుంది, లీన్‌లో తప్పు జరిగితే పిస్టన్ పోతుంది. పెద్ద జెట్‌తో ఫుల్ ఇచ్చినప్పుడు బండి బడబడలాడుతూ పైకి లేవదు. ఒక సైజు తగ్గించండి. శుభ్రంగా లాగడం మొదలైన చోట ఆగండి. ఇంకో టెస్ట్: ఫుల్‌లో పోతూ ఎక్సలేటర్ కొంచెం వెనక్కి తగ్గించండి. తగ్గించినప్పుడు బండి ఇంకా ముందుకు లాగితే మెయిన్ జెట్ చిన్నదన్నమాట. షాపులో జెట్ కొనేటప్పుడు మికుని నంబర్, కేహిన్ నంబర్ ఒకటే అనుకోవద్దు, లెక్కించే పద్ధతే వేరు. లోకల్ జెట్లలో నంబర్ ఒకటి, రంధ్రం ఒకటి ఉండేవి కూడా దొరుకుతాయి. ఒకే కంపెనీ సెట్ తీసుకోండి.

తర్వాత పైలట్. ఇంజిన్ బాగా వేడెక్కాక చెయ్యాలి. ఎయిర్ స్క్రూని మెల్లగా చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వదలండి. గట్టిగా బిగిస్తే మొన పోతుంది, జాగ్రత్త. ఈ స్క్రూ కొలిచేది గాలిని. బిగిస్తే రిచ్, వదిలితే లీన్. పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఐడిల్ ఎక్కడ ఎక్కువ స్పీడుగా, కుదురుగా ఉందో అక్కడ ఆపండి. ఆ తర్వాత ఐడిల్ స్క్రూతో స్పీడు తగ్గించుకోండి. ఇప్పుడు లెక్క చూడండి. అర చుట్టు లోపే మంచి ఐడిల్ వచ్చిందంటే పైలట్ జెట్ చిన్నది, ఒక సైజు పెంచాలి. రెండున్నర చుట్లు దాటితేగానీ రాలేదంటే పెద్దది. రేజ్ ఇచ్చి వదిలాక ఇంజిన్ స్పీడు వెంటనే దిగకుండా పైనే వేలాడితే లీన్, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక నీడిల్. మనం ఊళ్ళో తిరిగేదంతా దీని మీదే. నీడిల్ పైన గాట్లు ఉంటాయి, ఒకదాంట్లో చిన్న క్లిప్. క్లిప్ కింది గాటుకి దింపితే నీడిల్ పైకి లేస్తుంది, రిచ్ అవుతుంది. క్లిప్ పైకి జరిపితే లీన్. చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఫిల్టర్ మార్చిన బండికి సాధారణంగా ఒక గాటు కిందికి దింపాల్సి వస్తుంది. సగం ఎక్సలేటర్‌లో ఒకే స్పీడులో పోతున్నప్పుడు కుదుపు లేకుండా ఉండాలి.

అన్నీ అయ్యాక ప్లగ్ చూడాలి. కొత్త ప్లగ్ వేసి, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద, హెల్మెట్ పెట్టుకుని, మూడో గేర్లో ఫుల్ ఇచ్చి కొంత దూరం పోయి, ఒకేసారి ఇగ్నిషన్ ఆపి క్లచ్ పట్టేయండి. ఐడిల్‌లో నడుపుతూ ఇంటికొచ్చి ప్లగ్ తీస్తే అది ఐడిల్ రంగే చూపిస్తుంది. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. సున్నంలా తెల్లగా ఉంటే వెంటనే జెట్ పెంచండి. నల్లగా తడిగా ఉంటే తగ్గించండి.

ఇంతా చేశాక మన ఏరియాకి రెండు సంగతులు. ఒకటి పెట్రోల్. 20 శాతం ఎథనాల్ కలపడాన్ని 2030కి అనుకుని, 2025కే తెచ్చేశారు. ఒక కిలో మామూలు పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఎథనాల్‌కి 9 చాలు. కలిపితే సుమారు 13.5. అంటే అదే జెట్‌తో మీ బండి ముందే 8 శాతం దాకా లీన్ అయి ఉంది, దాని మీద మీరు ఫిల్టర్ కూడా తీసేశారు. 1990ల నాటి జెట్ నంబర్లు ఇప్పుడు యథాతథంగా నమ్మకండి. మనం గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఊళ్ళ వాళ్ళం, ఎథనాల్ మీద నాకేం కోపం లేదు. కానీ పాత రబ్బరు పైపులు, ఫ్లోట్ వాషర్లు దానికి ఉబ్బుతాయి, మార్చేయండి. నెలల తరబడి బండి ఆపేస్తే గిన్నె ఖాళీ చెయ్యండి.

రెండోది ఘాట్. చోడవరంలో కుదిరిన ట్యూన్ పాడేరులో కుదరదు. అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు, గాలి 10 శాతం దాకా పలచన. బండి కొంచెం రిచ్ అవుతుంది, కాస్త బరువుగా లాగుతుంది, ప్రమాదం లేదు. పైన చూసి లీన్ చేసి కిందికి దిగారో, కిందకొచ్చేసరికి గాలి చిక్కబడి పిస్టన్ కాలుతుంది. కాబట్టి పైన మార్చొద్దు. దిగేటప్పుడు ఇంకోటి. ఎక్సలేటర్ పూర్తిగా మూసి గేర్లో దిగుతుంటే ఇంజిన్ స్పీడుగా తిరుగుతుంది, కలిపి పోసిన ఆయిల్ మాత్రం లోపలికి రాదు. మధ్యమధ్యలో చిన్నగా రేజ్ ఇస్తూ దిగండి.

మరి కోన్ ఫిల్టర్ పెట్టాలా వద్దా? నన్నడిగితే, రోజూ నడిపే బండికి వద్దు. క్రషింగ్ సీజన్‌లో చెరకు ట్రాక్టర్ల వెనక ఒక్క పది కిలోమీటర్లు పోయి చూడండి, ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుందో. టూ స్ట్రోక్‌లో గాలి ముందు క్రాంక్ గదిలోకే పోతుంది, దుమ్ము నేరుగా బేరింగులకే. వాన పడితే తెరిచి ఉన్న కోన్ తడిసి ఊపిరాడదు. కంపెనీ బాక్స్, ఆయిల్ పట్టించిన కొత్త ఫోమ్ వేసి, ఇప్పుడు చెప్పిన పద్ధతిలోనే ట్యూన్ చేస్తే పికప్‌లో తేడా మీకే తెలుస్తుంది. పాత ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది ఇంజిన్ లోపలికే పోతోంది, ఈ రోజే మార్చండి.

రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్ళు కొందరు అడిగారు. దానికి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. పైన చెప్పిందంతా రెండింటికీ ఒకేలా చేసి, చివర్లో రెండు స్లైడ్‌లూ ఒకే క్షణాన లేస్తున్నాయో లేదో కేబుల్ దగ్గర సరిచూడాలి. ఆ సింక్ పని వచ్చే ఎపిసోడ్‌లో బండి పక్కన పెట్టుకుని చూపిస్తాను.