వాషింగ్టన్ యాత్ర, మా మిరియం

ఇరవై ఏళ్ళకు పైగా అమెరికాలో కాపురం చేస్తూ వాషింగ్టన్ చూడని తెలుగువాళ్ళు మన సంఘంలో మేమొక్కళ్ళమే కాబోలు. ఇంటినుంచి కారులో నాలుగు గంటల దూరం. ఏటా "వచ్చే వేసవికి తప్పకుండా" అనుకోవడం, వేసవి వెళ్ళిపోవడం. ఎవరైనా అడిగితే సెలవులు దొరకలేదని చెప్పేవాళ్ళం. అసలు కారణం మిరియం.

మిరియం మా కుక్క. నలుపూ తెలుపూ కలిసిన పొట్టి కుక్క. పిల్లలు 'పెప్పర్' అని పేరు పెట్టారు. ఆ మాటకు అర్థమేమిటని వాళ్ళ బామ్మగారు అడిగి తెలుసుకుని, "అయితే మిరియం అనండి, నాకు నోరు తిరుగుతుంది" అన్నారు. రెండు పేర్లకూ పలికేది గాని, మిరియం అంటే కాస్త తొందరగా వచ్చేది. ఆ పిలుపు వెనక పెరుగన్నం ఉంటుందని దానికి తెలుసు.

అది ఇంటికి వచ్చిన రోజున బామ్మగారు వంటింటి గడప దగ్గర నిలబడి, "ఇది దాటి లోపలికి వస్తే నేను ఇండియా వెళ్ళిపోతాను" అని గట్టిగా చెప్పారు. మడీ ఆచారమూ గల మనిషి. ఆర్నెల్లు ఆ గడప లక్ష్మణరేఖలాగే నడిచింది. తరువాత ఎప్పుడు చెరిగిందో మాలో ఎవరమూ చూడలేదు. ఒక సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి బామ్మగారు వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు, మిరియం ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. మమ్మల్ని చూసి ఆవిడ, "అరుగు చల్లగా ఉందట వాడికి" అన్నారు. అంతవరకూ 'అది' అన్న మనిషి, ఆ వేళనుంచి 'వాడు' అన్నారు. మేమూ అలాగే అలవాటు పడ్డాం.

వాడు మూడేళ్ళవాడుగా ఉన్నప్పుడు, ఒక పెళ్ళికి అందరం కలిసి ఇండియా వెళ్ళవలసి వచ్చింది. అయిదు వారాలు వాణ్ణి కుక్కల్ని ఉంచే ఒక చోట డబ్బు కట్టి వదిలి వెళ్ళాం. తిరిగి వచ్చి చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అరిచి అరిచి గొంతు పోయింది. మమ్మల్ని చూసి తోక ఆడించాడు గాని శబ్దం రాలేదు. ఆనాడు మా అమ్మాయి కారులో ఇంటిదాకా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, "ఇంకెప్పుడూ వదలం" అని మా అందరి తరఫునా మాట ఇచ్చేసింది. అప్పటినుంచి మేము ఎక్కడికి వెళ్ళినా ఒకరు వెళ్తే ఒకరు ఇంట్లో. నయాగరా కూడా ఇద్దరం విడివిడిగానే చూశాం. ఫొటోలలో ఒకరుంటే ఒకరు ఉండరు.

పదమూడేళ్ళు బతికాడు. పోయిన శీతాకాలంలో తిండి మానేశాడు. మూత్రపిండాలు చెడిపోయాయని, బాధ పడనివ్వకుండా సూదిమందు ఇచ్చి సాగనంపడం మంచిదని పశువైద్యురాలు చెప్పారు. ఇలాంటి నిర్ణయం మన పెద్దలెవరూ చేయగా మేము చూడలేదు. మన ఊళ్ళో కుక్కలు వాటంతటవి ఏ చెట్టు కిందో పోతాయి. రెండు రాత్రులు ఆలోచించి, మూడోనాడు తీసుకువెళ్ళాం. బామ్మగారు తానూ వస్తానన్నారు. డాక్టరుగారి గదిలో సంచీ లోంచి చిన్న గిన్నె తీసి, రెండు మెతుకుల పెరుగన్నం వాడి నోటికి అందించారు. వాడు తినలేదు గాని ఆవిడ వేళ్ళు నాకాడు. తరువాత ఉద్ధరిణెతో రెండు చుక్కల తులసి నీళ్ళు పోశారు. డాక్టరుగారు అదేమిటని అడగలేదు. తలుపు దగ్గర నిలబడి ఆగారు.

ఇక్కడ మేము చేసిన పని ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో, ఇంటికి చాలా దూరంలో ఉంది. ఆ వారం పరీక్షలు. వాడికి బాగాలేదని కూడా చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా "ఎలా ఉన్నాడు?" అంటే "ఉన్నాడమ్మా" అన్నాం. పోయిన మర్నాడు కూడా అదే మాట అన్నాం. పరీక్షలయ్యాక ఇంటికి వచ్చి తలుపు తీస్తే వాడు ఎదురు రాలేదు. అప్పుడు చెప్పాం.

పిల్లల మేలు కోరి చేశామని మేమనుకున్నాం. నిజానికి మాకు మా వాళ్ళు చేసింది కూడా అదే. మాలో ఒకరి తాతగారు పోయిన సంగతి ఇండియానుంచి పన్నెండోనాడు గాని తెలియలేదు. "దూరాన ఉన్నారు, పరీక్షలు పాడుచేసుకుంటారని చెప్పలేదు" అన్నారు. అప్పుడు మేము ఎంత ఏడ్చామో, ఎంత కోపం తెచ్చుకున్నామో మరిచిపోయి, అదే పని మా పిల్ల విషయంలో చేశాం. అమ్మాయి అరవలేదు, తిట్టలేదు. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాతో మాట్లాడటం మానేసింది.

వేసవి వచ్చాక ఒకనాడు భోజనాల దగ్గర బామ్మగారే అన్నారు: "ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారని ఆగడం? ఆ వాషింగ్టనేదో చూపించండి." ఆ మాటకు ఎవరికీ ముద్ద దిగలేదు. కాని శుక్రవారం బయలుదేరాం.

మొదటి రోజు వాషింగ్టన్ స్తంభంతో మొదలుపెట్టాం. ఎత్తు సుమారు 555 అడుగులు. 1848లో శంకుస్థాపన జరిగింది. డబ్బు చాలక కట్టడం 1854లో ఆగిపోయి, మళ్ళీ 1879లో మొదలై 1884లో పూర్తయింది. ఆగిన చోటికి పైన రాయి రంగు వేరు. చూపు ఆనినవాళ్ళకు కిందనుంచే గీత గీసినట్టు కనిపిస్తుంది. "మనూళ్ళో గుళ్ళ గోపురాలూ ఇంతే, డబ్బున్నంతవరకే" అన్నారు బామ్మగారు.

అక్కడినుంచి లింకన్ స్మారకం. 1922లో ప్రారంభించారు. చుట్టూ 36 స్తంభాలు. లింకన్ మరణించే నాటికి దేశంలో ఉన్న రాష్ట్రాలు అన్నే. లోపల కూర్చున్న విగ్రహం 19 అడుగుల ఎత్తు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల సంగతి చెప్పిన మెట్టు మీద ఆ మాటలు చెక్కారు. జనం వరసగా నిలబడి ఆ మెట్టు దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు.

లింకన్‌కూ ఒక కుక్క ఉండేది. పేరు ఫైడో. 1861లో అధ్యక్షుడై వాషింగ్టన్‌కు వస్తూ, రైలు ప్రయాణానికీ జనం గోలకూ అది బెదిరిపోతుందని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పరిచయస్తుల ఇంట ఉంచి వచ్చారు. బురద కాళ్ళతో ఇంట్లోకి వచ్చినా కసరవద్దని చెప్పి మరీ అప్పగించారట. మళ్ళీ దాన్ని చూడలేదు. ఆయన 1865లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు ఫైడోను తాగిన మనిషి ఒకడు పొడిచి చంపాడు. ఈ కథ మాకు ముందే తెలుసు. అయినా విగ్రహం ముందు నిలబడినప్పుడు మాకు కుక్కను వదిలి వెళ్ళిన ఆ అయిదు వారాలే గుర్తుకు వచ్చాయి. అంత పెద్ద మనిషికీ ఇది తప్పలేదు గదా అనుకున్నాం గాని, దానితో మాకు ఊరటేమీ కలగలేదు.

పక్కనే వియత్నాం యోధుల స్మారకం. నల్లరాతి గోడ. 1982లో కట్టారు. నమూనా వేసిన మాయా లిన్ అప్పటికి కాలేజీ విద్యార్థిని. 58 వేలకు పైగా పేర్లు, అక్షరక్రమంలో కాక, పోయిన తేదీల వరసలో ఉన్నాయి. రాయి అద్దంలా ఉండటంవల్ల పేరు చదివేవాళ్ళ మొహం ఆ పేర్ల మధ్యనే కనిపిస్తుంది. గోడ కింద ఎవరో ఒక ఉత్తరం, ఒక జత బూట్లు పెట్టి వెళ్ళారు. అలా వదిలిన వస్తువులను పార్కు శాఖవారు సేకరించి భద్రపరుస్తూ వచ్చారు.

ఆ యుద్ధంలో సుమారు నాలుగు వేల కుక్కలు కూడా పనిచేశాయి. పొంచి ఉన్న శత్రువునూ, దాచిన మందుపాతరలనూ వాసన పట్టి ఎందరి ప్రాణాలో నిలిపాయి. యుద్ధం ముగిశాక వాటిని మిగులు సామాను కింద లెక్కకట్టి అక్కడే వదిలేశారు. తిరిగి వచ్చినవి బహు కొద్ది. సైన్యంలో పనిచేసి విరమించిన కుక్కలను వాటి శిక్షకులూ ఇతరులూ పెంచుకోవడానికి వీలు కల్పిస్తూ చట్టం వచ్చింది 2000లో. 2013లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఆ కుక్కలకూ వాటి శిక్షకులకూ జాతీయ స్మారకం కట్టారు.

గోడ చివర మా అమ్మాయి చేతిసంచీ తెరిచింది. అందులో మిరియం మెడపట్టీ, పేరు బిళ్ళతో సహా ఉంది. తెచ్చినట్టు మాకు తెలియదు. చేతిలో పట్టుకుని ఆ బూట్లకేసి కాసేపు చూసింది. బామ్మగారు మెల్లగా, "ఇది బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల చోటు, తల్లీ" అన్నారు. అమ్మాయి తల ఊపి పట్టీని మళ్ళీ సంచీలో పెట్టేసింది.

రెండోనాడు టైడల్ బేసిన్ చుట్టూ నడిచాం. 1912లో టోక్యో నగరం కానుకగా పంపిన మూడు వేల చెర్రీ చెట్లను నాటింది ఇక్కడే. పూల కాలం దాటిపోయింది గాని నీడ ఉంది. ఆ గట్టు మీదనే ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ స్మారకం. 1997 మే 2న ప్రారంభమైంది. ఏడున్నర ఎకరాల మేర, పైకప్పు లేని నాలుగు గదులు. ఆయన నాలుగు సార్లు ఎన్నికైనందుకు నాలుగు. గదిగదికీ జలపాతాలు. చక్రాల కుర్చీలో ఉన్న విగ్రహం ప్రవేశం దగ్గర 2001లో చేర్చారు. మోకాళ్ళ నొప్పులతో అడుగు తీసి అడుగు వేస్తున్న బామ్మగారు ఆ విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

మూడో గదిలోకి అడుగుపెట్టామో లేదో, మా అమ్మాయి ఆగిపోయింది. పెద్ద అంగవస్త్రం కప్పుకుని కూర్చున్న అధ్యక్షుడి పక్కన, చెవులు నిక్కబొడుచుకుని ఒక కుక్క. కంచుది. దాని పేరు ఫాలా. స్కాటిష్ టెరియర్ జాతి. ఒక జాతీయ స్మారకంలో విగ్రహం దక్కిన అధ్యక్షుల కుక్క ఇదొక్కటే. వచ్చిన ప్రతివారూ చెవులు నిమిరి నిమిరి అక్కడ కంచు బంగారంలా మెరుస్తోంది.

ఫాలా 1940లో పుట్టింది. రూజ్వెల్ట్‌కు బంధువు ఒకావిడ బహుమతిగా ఇచ్చారు. 1944 ఎన్నికల వేళ, ఈ కుక్కను అలూషియన్ దీవులలో మరచిపోయి, దానికోసం యుద్ధనౌకను పంపి ప్రజాధనం తగలేశారని ప్రత్యర్థులు ప్రచారం చేశారు. నన్ను తిట్టండి, నా భార్యనూ పిల్లలనూ తిట్టండి, మాకు అలవాటే, ఫాలాకు మాత్రం కోపం వచ్చింది అన్న అర్థం వచ్చేలా ఆయన జవాబు చెబితే సభంతా పకపకలాడింది. 1945 ఏప్రిల్ 12న ఆయన పోయారు. ఫాలా మరి ఏడేళ్ళు ఎలినార్ రూజ్వెల్ట్ దగ్గర బతికింది.

ఇదంతా మా అమ్మాయి ఫోనులో చూసి బామ్మగారికి తెలుగులో చెబుతోంది. ఒకసారి జనరల్ ఐసన్‌హోవర్ హైడ్ పార్కులో రూజ్వెల్ట్ సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచడానికి వచ్చారట. ముందు నడిచే కార్ల సైరన్ల మోత వినబడగానే ఫాలా కాళ్ళు నిటారుగా పెట్టి, చెవులు రిక్కించి దారికేసి చూసిందట, యజమానే వస్తున్నాడని. ఈ సంగతి ఎలినారే రాశారు. 1952లో ఫాలా పోతే అదే గులాబీ తోటలో ఆయన దగ్గరలోనే పూడ్చారు.

అది చెప్పి అమ్మాయి కంచు చెవి మీద చెయ్యి వేసి, మాకేసి చూడకుండానే, "దానికి చెప్పడానికి భాష లేదు. నాకుంది కదా" అంది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. మా పెద్దలు మాకు చెప్పలేదు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా మాకు తెలియలేదు. "నీకు చెప్పవలసింది. చెప్పకపోవడం మా తప్పు" అన్నాం. ఇద్దరమూ అన్నాం, ఒకరి మాట మీద ఒకరి మాట పడింది. "బాధపడ్డాడా?" అని అడిగింది. ఆనాటినుంచి అడగని మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. చివరి రెండు రాత్రులు పడ్డాడనీ, డాక్టరుగారి గదిలో పడలేదనీ, బామ్మ వేళ్ళు నాకాడనీ చెప్పాం. అక్కడే గట్టు మీద కూర్చుని అమ్మాయి బాగా ఏడ్చింది. అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, ఫాలాను చూసి, మమ్మల్ని చూసి, ఏమీ అనకుండా టోపీ తీసి వెళ్ళిపోయాడు.

కాసేపటికి బామ్మగారు భారతం ఎత్తుకున్నారు. మొదట్లో సరమ అనే దేవశునకం, తన పిల్లను కారణం లేకుండా కొట్టారని జనమేజయుడి సభకే వచ్చి నిలదీసింది. చివర ధర్మరాజు వెంట వచ్చిన కుక్కకు చోటు లేదంటే ఆయన స్వర్గమే వద్దన్నాడు. "మరి మేము సూది వేయించాం గదమ్మా" అంటే, ఆవిడ కాసేపు ఆలోచించి, "ధర్మరాజుకు ఆ కష్టం రాలేదు నాయనా" అన్నారు. ఆ తరువాత ఆ విషయం ఎవరమూ ఎత్తలేదు.

చూడబోయే మిత్రులకు రెండు మాటలు. ఈ స్మారకాలకు ప్రవేశ రుసుము లేదు. వాషింగ్టన్ స్తంభం పైకి వెళ్ళడానికి మాత్రం టిక్కెట్టు కావాలి, ముందుగా తీసుకోవడం మంచిది. లింకన్ దగ్గర కొలను వైపునుంచి 87 మెట్లు. పెద్దవాళ్ళుంటే తొందరపెట్టకండి. రూజ్వెల్ట్ స్మారకం మెట్రో స్టేషనుకు దూరం, నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. మన కుక్కను గొలుసుతో పచ్చిక మీద నడిపించుకోవచ్చు గాని స్మారకాల లోపలికి రానివ్వరు. కాబట్టి మిరియం ఉన్నప్పుడు వెళ్ళినా, వాడూ ఫాలా ఎదురుపడి ఉండేవారు కారు. ఇండియన్ ఎంబసీ ఎదుట మసాచుసెట్స్ అవెన్యూలో 2000లో ప్రతిష్ఠించిన గాంధీగారి విగ్రహం కూడా చూసి రండి. బామ్మగారు అక్కడ పెట్టడానికి పూలు ఇంటినుంచే తెచ్చారు.

మెడపట్టీ ఇంటికి తిరిగి వచ్చింది. గరాజు తలుపు పక్కన కొక్కేనికి, ఎప్పుడూ ఉండే చోటే తగిలించాం. ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మాయి ఆ బిళ్ళను ఒకసారి గలగలలాడిస్తుంది. బామ్మగారు ఇప్పటికీ పెరుగన్నం ఒక ముద్ద ఎక్కువే కలుపుతున్నారు. అదెవరు తినాలన్న దాని మీద మా ఇంట్లో రోజూ తగవు.