నాలుగు బంధాల గట్టితనం

1797లో ఇంగ్లండ్‌కు చెందిన స్మిత్సన్ టెనంట్ బంగారు గొట్టంలో వజ్రాన్ని సురేకారంతో కలిపి బాగా వేడిచేశాడు. అంతే బరువున్న బొగ్గు ఎంత కార్బన్ డయాక్సైడ్ ఇస్తుందో వజ్రమూ అంతే ఇచ్చింది. అంటే వజ్రం అచ్చమైన కార్బన్. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా కార్బనే. మరి ఒకటి గాజును కోస్తుంటే, ఇంకొకటి కాగితానికి ఎందుకు అంటుకుపోతోంది?

కార్బన్ పరమాణువులోని 6 ఎలక్ట్రాన్లలో బయటి 4 మాత్రమే బంధాలు కలుపుతాయి. వజ్రంలో ఆ నాలుగూ నాలుగు పక్కలకు, ఒకదానికొకటి 109.5 డిగ్రీల కోణంలో సాగి నాలుగు పొరుగు పరమాణువులను పట్టుకుంటాయి. ఆ పొరుగువీ అదే పని చేస్తాయి. అలా రాయి మొత్తం ఒకే అల్లిక అవుతుంది. 1913లో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కొడుకు లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలతో దీన్ని కనిపెట్టారు. స్ఫటిక శాస్త్రంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఫలితం ఇదే.

గ్రాఫైట్‌లో ఒక్కో పరమాణువు మూడింటితోనే జతకడుతుంది. తేనెపట్టు గదుల్లా పలకలు ఏర్పడతాయి. మిగిలిన నాలుగో ఎలక్ట్రాన్ పలకంతా తిరుగుతుంది కాబట్టి గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. విచిత్రమేమిటంటే, పలకలోని బంధం వజ్రంలోని బంధం కన్నా పొట్టిది, బలమైనది: ఇక్కడ 0.142 నానోమీటర్లు, అక్కడ 0.154. బలహీనతంతా పలకకూ పలకకూ నడుమ ఉన్న 0.335 నానోమీటర్ల ఎడంలోనే. మనం రాస్తున్నప్పుడు జారి కాగితం మీద పడేవి ఆ పలకలే.

ఇక వజ్రపు అల్లికలో వేరే పరమాణువు చేరితే రంగు మారవచ్చు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిదిగా భావించే హోప్ వజ్రం నీలి రంగులో ఉంటుంది. లక్షల కార్బన్ పరమాణువుల మధ్య అక్కడక్కడా బోరాన్ చేరడమే కారణం. బోరాన్‌కు బయట 3 ఎలక్ట్రాన్లే. ఆ ఒక్క ఎలక్ట్రాన్ లోటు వల్ల వజ్రం ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని వదులుతుంది.

వజ్రం గట్టిదంటే గీత పడనిదని అర్థం, పగలనిదని కాదు. వజ్రంలో కొన్ని తలాల మధ్య బంధాలు పలచగా ఉంటాయి. ఆ తలం వెంట దెబ్బ పడితే ఎంత పెద్ద రాయైనా చీలిపోతుంది. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికేవారికి ఒక మనవి: మెరిసే రాయి దొరికితే, అసలుదో కాదో తేల్చుకోవడానికి సుత్తితో కొట్టకండి.