బసవన్న పేరు ఎవరి ఆస్తి?

నూజివీడు, ఆగిరిపల్లి తోటల్లో చిక్కం పట్టి మామిడికాయ దించే కూలీకి బసవన్నంటే సంక్రాంతికి ముంగిట్లో తలూపే గంగిరెద్దు. ఆపైన ఎద్దుతో పనే తగ్గిపోయింది. తోటలో దున్నకం ట్రాక్టరుది, మార్కెట్టుకు కాయ చేరవేసేది లారీ. ఎద్దును రాతిలో నిండుగా చూడాలంటే మాత్రం రాష్ట్రం ఆ కొసకు, హిందూపురం పక్కనున్న లేపాక్షికి పోవాలి.

రోడ్డు పక్కనే ఉంటుంది. ఒకే గుండు. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27. నెత్తిన కప్పు లేదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ కాళ్లు ముడుచుకు కూర్చుంది. తల మాత్రం పైకే ఎత్తింది. మెడలో పట్టెడ, గంటలు. ఎద్దును మేపినవాడు ఎవడైనా ఒకమారు చుట్టూ తిరిగి చూస్తే ఒప్పుకుంటాడు, చెక్కినవాడికి ఎద్దు బాగా తెలుసునని.

అక్కడి వీరభద్రాలయం 1530ల నాటిది, విజయనగరం అచ్యుతదేవరాయల ఏలుబడి. కట్టించింది పెనుకొండ అధికారి విరూపణ్ణ. రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, కళ్లు పీకించమని ఆజ్ఞ వస్తే తానే పీకి గోడకు కొట్టాడనీ కథ. గోడమీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమో కాదో అటుంచండి. ఆ సొమ్ము రాజుదీ కాదు, విరూపణ్ణదీ కాదు. మెట్టచేలో చెమటోడ్చి రైతు కట్టిన పన్ను అది. కళ్లు పోయినవాడి పేరు మిగిలింది గాని, పన్ను కట్టినవాడి పేరూ, ఉలి పట్టినవాడి పేరూ మనదాకా రాలేదు. మన నూజివీడు కోట సంగతి మాత్రం? 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చేదాకా జమీందారుకు శిస్తు పోసినవాళ్ల పేర్లు ఏ గోడమీద ఉన్నాయి?

బసవన్నకు తరువాత చాలామంది చుట్టాలయ్యారు. అడవి బాపిరాజుగారు పాట కట్టారు. 1964 నుంచి ప్రభుత్వం సినిమాలకు నంది బహుమతులిచ్చింది. చేతిపనుల కొట్లకు లేపాక్షి పేరే పెట్టారు. పనివాళ్లు చేసిన సరుకు అమ్మే కొట్టుకు ఆ పేరు తగినదే, కాదనం.

కాని మరొకరూ ఆ పేరు వాడుకున్నారు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8 వేల ఎకరాలకు పైగా భూమిని 'లేపాక్షి నాలెడ్జ్ హబ్' అనే కంపెనీకి నాటి ప్రభుత్వం కేటాయించింది. పరిశ్రమలొస్తాయన్నారు, ఇంటికో ఉద్యోగమన్నట్టే మాట్లాడారు. చెప్పిన పరిశ్రమలు రాలేదు. అందులో వేల ఎకరాలు మాత్రం బ్యాంకుల్లో తాకట్టులోకి పోయాయి. సి.బి.ఐ. కేసయింది. వేరుశనగ పండే సీమ అది, వానమీద ఆధారపడి బతికే సీమ. నేల పోతే అక్కడి కూలీకి మిగిలే దారి బెంగళూరు బస్సే.

ఎకరం చేజారితే ఎట్లా ఉంటుందో మన కౌలు రైతుకు వేరే చెప్పాలా? లేపాక్షి వెళ్లినవాళ్లు బసవన్నను తనివితీరా చూడండి. చూశాక చిలమత్తూరు వైపు బస్సెక్కండి, అట్టే దూరం లేదు. ఆ భూములు కూడా చూసి రండి.