శ్రవ్యరూపకము: విజయవాడ ఆకాశవాణి నాటక వైవిధ్యము

మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమని, శ్రవ్యమని రెండుగా విభజించిరి. అందు దృశ్యకావ్యమునకే రూపకమని పేరు. కంటికి రూపము కట్టునది కావున దానిని రూపమనిరి. నటునియందు పాత్రను ఆరోపించుటచే రూపకమనిరి. ధనంజయుని దశరూపకమున గల నిర్వచనసారమిదియే. అయితే ఇరువదవ శతాబ్దమున తెలుగునాట ఒక విచిత్రపరిణామము జరిగినది. కంటికి ఏమాత్రమును కానరాని ఒక రచనకు మనవారు రూపకమని పేరిడిరి. ఆంగ్లేయులు ఫీచరని వ్యవహరించు రేడియో ప్రక్రియకు తెలుగు శ్రోతలు ఎరిగిన పేరు ఇదియే. ఈ నామకరణము పొరపాటా, లేక ఇందొక ఔచిత్యము కలదా? విజయవాడ ఆకాశవాణి కేంద్రపు నాటకములను, రూపకములను ఆధారముగా గొని ఈ ప్రశ్నను పరిశీలింపనెంచితిమి.

ముందుగా చరిత్రను సంగ్రహముగా చెప్పుకొందము. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. ఆ యేటనే ప్రసారమైన ముద్దుకృష్ణ ‘అనార్కలి’ని తొలి తెలుగు రేడియో నాటకముగా పలువురు పేర్కొందురు. పదేండ్ల అనంతరము, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రము వెలసినది. హైదరాబాదు దక్కన్ రేడియో 1950లో అఖిల భారత వ్యవస్థలో చేరినది. కడప, విశాఖపట్టణ కేంద్రములు 1963లో గాని రాలేదు. కావున తొలి పదునైదేండ్లు కోస్తా జిల్లాలకు విజయవాడయే ప్రధానమైన గొంతుకగా నుండినది.

ఈ కేంద్రము వెలసిన నేలయు సామాన్యమైనది కాదు. కూచిపూడి భాగవతుల గ్రామము ఈ కృష్ణామండలముననే కలదు. మైలవరము బాలభారతీ నాటక సమాజము పద్యనాటకమునకు ఖ్యాతి తెచ్చినదియు ఇచటనే. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ పద్యములను తెల్లవారువరకు విని, నచ్చినచోట మరల పాడుడని కోరు ప్రేక్షకులు డెల్టా పల్లెలలోను, వన్ టౌన్ వీధులలోను ఉండిరి. అట్టివారి ముందు తెర లేదు, దీపము లేదు, కిరీటము లేదు. గోడవారగా ఒక పెట్టె మాత్రము మాటలాడదొడగినది. రేడియో నాటకకర్త ఎదుర్కొన్న సమస్య ఇది.

భరతుడు చెప్పిన చతుర్విధాభినయములలో ఆంగికము, ఆహార్యము రేడియోకు పూర్తిగా లోపించినవి. వాచికము మిగిలినది. సాత్త్వికము సైతము కంఠపు వణుకులోను, నిట్టూర్పులోను మాత్రమే వ్యక్తము కావలెను. రంగస్థలముపై మౌనముగా నిలిచిన పాత్రయు ప్రేక్షకునకు కనబడుచునేయుండును. రేడియోలో కొంతసేపు పలుకని పాత్రను శ్రోత మరచిపోవును. అందుచే పాత్రల రాకపోకలన్నియు సంభాషణలోనే సూచితములు కావలెను. ఇచట తెలుగుభాషకు సహజమైన ఒక సదుపాయము కలదు. ‘అత్తయ్యా’, ‘బావా’, ‘ఏమే వదినా’ అను సంబోధనలలోనే పలుకునది ఎవరో, విననున్నది ఎవరో, వారిరువురి నడుమ చనువెంతో తేటపడును. వేరొక వివరణ అక్కరలేదు. రేడియో నాటికలలో కుటుంబకథలు విరివిగా వచ్చుటకు గల కారణములలో నిదియు నొకటియని మా అభిప్రాయము.

ఇక రెండవ ఉపకరణము దూరము. నటుడు మైకునకు చేరువగా పలికిన అది ఆత్మగతమగును. దూరముగా జరిగి పలికిన పక్కగదియో, పెరడో స్ఫురించును. కవాటధ్వని, గిలకచప్పుడు, పడవసరంగు కేక మొదలైనవి ఆహార్యమునకు ప్రతినిధులు. మౌనము సైతము ఒక ధ్వనియే. అయితే దాని పరిమాణము తప్పిన శ్రోత పెట్టె చెడినదని భ్రమపడును.

మన ప్రాచీనులకు ఈ అదృశ్యరంగము పూర్తిగా కొత్తది కాదు. దశరూపకములలో భాణమొకటి. అందు ఒకే నటుడు రంగమున నిలిచి, కనబడని వ్యక్తులతో మాటలాడును. వారి ప్రశ్నను తానే విన్నట్లు నటించి, తానే అనువదించి, బదులు చెప్పును. దీనికి ఆకాశభాషితమని పేరు. మైసూరున 1935లో వెలసిన రేడియోకు ఆకాశవాణియని నామకరణము జరిగినది; అనంతరము దేశమంతటి రేడియోకును ఆ పేరే స్థిరపడినది. పేరు పెట్టినవారు భాణమును స్మరించిరో లేదో కాని, పోలిక మాత్రము చక్కగా కుదిరినది. భాణమున పాత్రధారి యొక్కడు కనబడును, తక్కినవారు కనబడరు. రేడియోలో ఆ యొక్కడును కనబడడు. విజయవాడనుండి రామాయణ భారతములను వినిపించిన ఉషశ్రీ (1928–1990) ఒక్క కంఠముతోనే కథకుడై, పాత్రయై, వ్యాఖ్యాతయై వేలకొలది శ్రోతలను కట్టివేసిరి. ఆ ప్రసంగమును పురాణకాలక్షేపమని మాత్రమే తలచుట చాలదు. అది భాణమునకు వారసత్వము గల ప్రక్రియ.

విజయవాడ కేంద్రము ప్రసారము చేసిన రచనలను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది అనుసరణము. ఏడంకముల ‘కన్యాశుల్కము’ వంటి నాటకమును గంటసేపటికి కుదించునపుడు ఏది విడువవలెనను ప్రశ్న పుట్టును. పద్యనాటకమున రాగాలాపన కుదించిన రసికులు అలుగుదురు. కుదింపకున్న కథ సాగదు. నవలానుసరణమున చిక్కు మరియొక తీరుది. చిలకమర్తివారి ‘గణపతి’లో హాస్యము చాలవరకు కథకుని వర్ణనలో నున్నది. ఆ వర్ణనను నటుని కంఠములోనికి దింపవలెను. నండూరి సుబ్బారావు గొంతుతో ‘గణపతి’ శ్రోతలకు ఎంత సన్నిహితమైనదో ఆ తరమువారెల్లరు ఎరుగుదురు.

రెండవది స్వతంత్రనాటిక. రేడియో కొరకే పుట్టిన రచన ఇది. రచయితలు అనేకులు ఆకాశవాణి కొలువులో నుండుట దీనికి తోడ్పడినది. ఆకాశవాణి ఉద్యోగియైన బుచ్చిబాబు పెక్కు నాటికలు రచించిరి. పింగళి లక్ష్మీకాంతముగారు, జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రిగారు విజయవాడ కేంద్రమున పనిచేసిరి. విశ్వవిద్యాలయ పండితుడు, పేరడీకవి ఒకే కప్పుక్రింద కూర్చుండుట మన సాహిత్యచరిత్రలో అరుదైన సన్నివేశము.

మూడవది సంగీతరూపకము. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) దీనికి ప్రాణప్రతిష్ఠ చేసినవారిలో ముఖ్యులు. కవియు, స్వరకర్తయు, ప్రయోక్తయు ఒక్కరే యగుటచే వారి రచనలలో పాట కథకు అలంకారము కాక కథాగమనమే యైనది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిన ఈ పండితుని శాస్త్రజ్ఞానము, ప్రసారకళ పరస్పరము పోషించుకొన్నవి.

నాలుగవది వాస్తవరూపకము. నేడు డాక్యుమెంటరీ యనుచున్నది దీనినే. దీని నిర్మాణరీతిని ఒక ఊహాచిత్రముతో వివరింతుము. కృష్ణపై ఆనకట్టనుగూర్చి రూపకము వ్రాయబూనిన రచయిత ఏమి చేయవలెను? 1852–1855 నడుమ కట్టబడిన పాత ఆనకట్ట 1952లో గండిపడుట, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియగుట చరిత్రాంశములు. వానిని వరుసగా చదివిన అది ప్రసంగమగును. పాత్రలచే పలికించిన నాటకమగును. రూపకకర్త ఈ రెంటి నడుమ నడచును. తలుపులు ఎత్తినపుడు నీటిహోరు, లాకుల కావలివాని మాట, వరిచేలో కూలీల పాట, ఒక ఇంజనీరు వివరణ, వీనిని కూర్చు వ్యాఖ్యాత కంఠము: ఇన్నియు కలిసి శ్రోత మనసులో నదికి ఒక ఆకృతిని కల్పించును.

ఇంతటి వైవిధ్యము ఒక్క సంస్థలో ఏల కలిగినది? ఇది ప్రతిభావంతుల చలవ మాత్రమే కాదు. ప్రజాధనముతో నడచు ప్రసారసంస్థకు రైతు, పండితుడు, బాలుడు, గృహిణి అందరును యజమానులే. అందరికిని ఏదో యొకటి ఈయక తప్పదు. దూరదేశమైన ఆస్ట్రేలియా అనుభవము దీనికి సాక్ష్యము. అచటి ప్రభుత్వ ప్రసారసంస్థ ఏ.బి.సి. 1932లో ఏర్పడినది. అది 1944లో గ్వెన్ మెరెడిత్ అను రచయిత్రిచే ‘ది లాసన్స్’ అను ధారావాహిక నాటకమును వ్రాయించినది. యుద్ధకాలమున వ్యవసాయ విషయములను రైతులకు కథారూపమున అందించుట దాని ఆశయము. దాని వెనువెంట వచ్చిన ‘బ్లూ హిల్స్’ 1949 నుండి 1976 వరకు సాగినది. ఆ సంస్థ 1956లో టెలివిజనును ప్రారంభించి, 1961లో ‘ఫోర్ కార్నర్స్’ అను పరిశోధనాత్మక కార్యక్రమమును నెలకొల్పినది. 2012లో వచ్చిన ‘రెడ్‌ఫర్న్ నౌ’ అను నాటకమాలను ఆదివాసి రచయితలు, దర్శకులు, నటులే రూపొందించిరి. వలసవచ్చిన వివిధ జాతులవారికై ఎస్.బి.ఎస్. టెలివిజను 1980లో వెలసినది. ఆ సంస్థ సేవలందించు భాషలలో నేడు తెలుగును ఒకటి. రైతుబోధనుండి ఆదివాసి నాటకమువరకు ఈ విస్తృతి కేవలము విపణిలాభమునుబట్టి కలిగినది కాదు, బాధ్యతనుండి కలిగినది. మన ఆకాశవాణి వైవిధ్యమునకును మూలమదియే.

అయితే ఒక విచారకరమైన విషయమును చెప్పక తప్పదు. ఈ రచనలలో అధికభాగము మనకు దక్కలేదు. తొలినాళ్లలో నాటకములు నేరుగా ప్రసారమయ్యెడివి. పలికినంతనే గాలిలో కలిసెడివి. టేపు వచ్చిన పిదపను అది ఖరీదైన వస్తువగుటచే, ఒక ప్రసారమును చెరిపి దానిపై మరియొకటి ముద్రించుట ప్రపంచమున అనేక ప్రసారసంస్థల వాడుక. మన సాహిత్యచరిత్రలు అచ్చైన నాటకమునే లెక్కించును. కావున వేలమంది విని కంటతడిపెట్టిన నాటికకు చరిత్రలో ఒక పంక్తియు లేదు. నూరుగురైనను చదువని ముద్రితనాటకమునకు ఒక పుట కలదు. ఇది న్యాయము కాదు. ఈ అన్యాయమునకు తెలుగుశాఖలమైన మేమును బాధ్యులమే. పరీక్షలకు శ్రవ్యనాటికను పాఠ్యముగా నిర్ణయించినచోట్లును మేము దాని పుస్తకమునే బోధించితిమి కాని, విద్యార్థులకు వినిపింపలేదు.

కర్తవ్యము కష్టమైనది కాదు. ప్రసారమునకై వ్రాసిన ప్రతులు రచయితల ఇండ్లలోను, నటుల పెట్టెలలోను నేటికిని కొన్ని మిగిలియుండవచ్చును. వన్ టౌన్ పాత ఇండ్లు ఒక్కొక్కటిగా కూల్చబడి అంతస్తులుగా లేచుచున్నవి; అటకపై కాగితములు చిత్తుక్రింద అమ్ముడగుచున్నవి. తాటాకుప్రతులకై ఊరూర తిరిగిన పరిశోధకుల అడుగుజాడలలో మన విద్యార్థులు ఈ కాగితప్రతులకై తిరుగవలెను. ప్రతితోపాటు ప్రసారదినము, నటుల పేర్లు, విన్నవారి జ్ఞాపకములు నమోదు చేయవలెను. ధ్వని నశించినను దాని సాక్ష్యమైనను నిలుచును. విన్న తరము వయసుమీరినది. కావున ఈ పనికి వ్యవధి స్వల్పము.

ఇక ఆరంభమున వేసికొన్న ప్రశ్నకు వత్తము. కనబడని రచనకు రూపకమను పేరు పొరపాటు కాదు. రంగస్థలముపై రూపమును నటుడు ధరించును. రేడియోలో దానిని శ్రోతయే కల్పించుకొనును. ఒకే నాటికను విన్న నూరిండ్లలో నూరు గిరీశములు, నూరు మధురవాణులు అవతరింతురు. ఆ రూపములకు నిలయమైన శ్రోతలు ఉన్నంతకాలము ఆ నాటకములును కొంత బ్రతికియున్నట్లే. వారి నోటినుండి ఆ చరిత్రను గ్రహించు బాధ్యతను మన పరిశోధకలోకము సత్వరము స్వీకరించునని ఆశించుచున్నాము.